తూటా ఇరుక్కోవడం వల్లే గెలిచారా?

ఆదివాసులు ఒక పెద్ద ప్రభుత్వ సైన్యాన్ని ఎదురుబొదురు యుద్ధంలో ఓడించిన సందర్భాలు ప్రపంచ చరిత్రలో ఎక్కువ లేవు. ఉన్న ఆ కొన్నింటి గురించి రాసిన పుస్తకాలు చదువుతుంటే ఒక మాట మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. సైనికుల తుపాకులు మొరాయించాయట. తూటాలు నాసిరకానివట, గొట్టంలో ఇరుక్కుపోయాయట, అందుకే అంతటి సైన్యం ఓడిపోయిందట.

ఈ మాటలో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంత, దాని మీద పేర్చిన కథ ఎంత అని కొలిచి చూడటమే ఈ వ్యాసం పని. తుపాకి గొప్పతనం చెప్పడానికి ఇది రాయడం లేదు. మన గెలుపును ఎవరి ఖాతాలో రాస్తున్నారో మన పిల్లలకు తెలియాలని రాస్తున్నాను. ఇందుకు అమెరికాలో 1876లో జరిగిన ఒక యుద్ధం, దక్షిణాఫ్రికాలో 1879లో జరిగిన మరొకటి, సూడాన్‌లో 1885లో జరిగిన ఇంకొకటి చూసి, చివరికి మన మన్యానికి వద్దాం.

తూటా అంటే ఏమిటి?

ముందు తూటా సంగతి తెలియాలి. మన ఊళ్లలో పెద్దలు వాడిన నాటు తుపాకికి తూటా ఉండదు. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుడ్డ పేలిక కూరి, రవ్వలు వేసి, చువ్వతో దట్టించి కాలుస్తారు. ఒక్కసారి పేల్చాక మళ్లీ సిద్ధం చేయడానికి చాలాసేపు పడుతుంది.

19వ శతాబ్దం రెండో సగంలో సైన్యాలకు వెనుక నుంచి నింపే తుపాకులు వచ్చాయి. మందు, గుండు, నిప్పు పుట్టించే చిన్న బిళ్ల, ఈ మూడింటినీ ఒకే లోహపు గొట్టంలో అమర్చారు. అదే తూటా. దాన్ని తుపాకి వెనుక ఉన్న గదిలో పెట్టి మూసి కాల్చాలి. గుండు ముందుకు పోతుంది. ఖాళీ గొట్టం గదిలోనే ఉండిపోతుంది. తుపాకికి ఉన్న చిన్న కొక్కెం ఆ గొట్టం అంచును పట్టి బయటికి లాగుతుంది. అప్పుడే రెండో తూటా పెట్టగలం.

చిక్కంతా ఇక్కడే. పేలినప్పుడు పుట్టే వేడికీ ఒత్తిడికీ గొట్టం ఉబ్బి గది గోడలకు అతుక్కుంటుంది. ఒత్తిడి తగ్గగానే అది తిరిగి కొంచెం ముడుచుకోవాలి. ముడుచుకుంటేనే కొక్కెం లాగితే వస్తుంది. లేకపోతే ఇరుక్కుంటుంది. కొక్కెం గట్టిగా లాగితే అంచు చిరిగి చేతికొస్తుంది గాని గొట్టం రాదు. ఆ క్షణంలో తుపాకి కర్రతో సమానం.

ఈ ముడుచుకునే గుణం లోహాన్ని బట్టి ఉంటుంది. ఇంట్లో రాగి చెంబుకు సొట్ట పడితే అది అలాగే ఉండిపోతుంది. రాగి మెత్తన, సాగితే వెనక్కి రాదు. రాగిలో జింకు కలిపి చేసిన ఇత్తడికి స్ప్రింగు గుణం ఉంది. ఉబ్బినా వెనక్కి వస్తుంది. అందుకే తూటా గొట్టానికి ఇత్తడి మంచిదని తేలింది. కానీ ఇత్తడి ఖరీదు. పైగా మందపాటి ఇత్తడి బిళ్లను సాగదీసి, అతుకు లేకుండా ఒకే ముక్కగా గొట్టం చేయడానికి మంచి యంత్రాలు కావాలి. అందుకని ప్రభుత్వాలు ఎప్పుడూ దగ్గరి దారులు వెతికాయి. అమెరికా సైన్యం పనికి సులువని రాగి గొట్టాలు వాడింది. బ్రిటిష్ సైన్యం పలుచని ఇత్తడి రేకును చుట్టగా చుట్టి, కింద ఇనుప బిళ్ల బిగించి చవకగా చేసింది.

చవక తూటా కథ అక్కడితో ఆగలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో రాగికి కొరత వచ్చి జర్మనీ ఉక్కు గొట్టాలు చేసింది. సోవియట్ యూనియన్ కూడా ఉక్కునే నమ్ముకుంది. ఉక్కు ఇత్తడికన్నా గట్టిది, చవక. కానీ ఉబ్బాక వెనక్కి ముడుచుకునే పాలు ఇత్తడికన్నా తక్కువ. గది గోడకు ఇత్తడిలాగా ఒదిగి అంటుకోదు కాబట్టి మసి వెనక్కి వచ్చి గదిలో పేరుకుంటుంది. తుప్పు కూడా పడుతుంది. సోవియట్ ఇంజినీర్లు ఈ లోపాన్ని ముందే లెక్కలో పెట్టుకున్నారు. 1943లో రూపొందించిన వాళ్ల తూటా గొట్టం కింద లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. కాస్త వెనక్కి కదిలితే చాలు, గోడల నుంచి విడిపోతుంది. తుప్పు పట్టకుండా, జారేలా పైన వార్నిష్ పూత వేశారు. ఆ తూటా కోసమే చేసిన రైఫిళ్లలో ఆ చవక ఉక్కు దశాబ్దాల పాటు బాగానే పనిచేసింది. ఇత్తడి గొట్టాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన, గది గోడలు దాదాపు నిటారుగా ఉండే తుపాకుల్లో అలాంటి ఉక్కు తూటా వాడితే ఇరుక్కునే అవకాశం పెరుగుతుంది. తుపాకి పాతబడి గది గరుకెక్కినా, మసి తుడవకపోయినా ఇంకా పెరుగుతుంది.

అంటే చవక తూటా ఎక్కడైనా మోసం చేస్తుందని చెప్పలేం. ఏ తుపాకిలో, ఎంత శుభ్రంగా ఉన్న గదిలో, ఎంత వేగంగా కాల్చారన్నది చూడాలి. ఇది మనసులో పెట్టుకుని 1876కు వెళ్దాం.

గ్రీజీ గ్రాస్ నది ఒడ్డున

అమెరికాలోని మోంటానా ప్రాంతంలో లిటిల్ బిగ్‌హార్న్ అనే చిన్న నది ఉంది. లకోటా ఆదివాసులు దాన్ని గ్రీజీ గ్రాస్ అంటారు. 1868లో ఫోర్ట్ లారమీ దగ్గర జరిగిన ఒప్పందం ప్రకారం బ్లాక్ హిల్స్ కొండలు లకోటా వారివి. 1874లో కస్టర్ అనే సైన్యాధికారి సైనికులతో ఆ కొండల్లోకి వెళ్లి అక్కడ బంగారం ఉందని లోకానికి చాటాడు. గని తవ్వకందార్లు తోసుకొచ్చారు. ప్రభుత్వం కొండలు అమ్మమంది. లకోటా వారు ఒప్పుకోలేదు. 1876 జనవరి 31లోగా అందరూ ఏజెన్సీ కేంద్రాలకు వచ్చి చేరాలని, రాని వాళ్లను శత్రువులుగా చూస్తామని హుకుం వచ్చింది. ఏజెన్సీ అనే మాట మనకు కొత్త కాదు.

రానివారు చాలామంది. లకోటా, చెయెన్, అరాపహో కుటుంబాలు ఆ వేసవిలో ఆ నది ఒడ్డున పెద్ద గూడెం వేసుకున్నాయి. పిల్లలు, ముసలివాళ్లు కలిసి వేల మంది ఉన్నారు. సిట్టింగ్ బుల్, క్రేజీ హార్స్, గాల్ వంటి పెద్దలు అక్కడే ఉన్నారు. 1876 జూన్ 25న కస్టర్ నాయకత్వంలోని 7వ అశ్విక దళం ఆ గూడెం మీద దాడి చేసింది. దళంలో సుమారు 600 మంది. కస్టర్ దాన్ని ముక్కలుగా విడగొట్టాడు. తనతో ఉంచుకున్న దాదాపు 210 మందిలో ఆ రోజు ఒక్కరూ మిగల్లేదు. మిగతా చోట్ల చనిపోయిన వారితో కలిపి సైన్యం 260 మందికి పైగా కోల్పోయింది.

అమెరికాకు అది నమ్మలేని వార్త. ఆ దేశం స్వాతంత్ర్యం వచ్చి వందేళ్లయిన పండుగ చేసుకుంటున్న వేళ అది. కారణం వెతకడం మొదలైంది. సైనికుల చేతుల్లో ఉన్నది 1873 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ పొట్టి తుపాకి. ఒక్కసారికి ఒక్క తూటాయే పడుతుంది. తూటాకు రాగి గొట్టం. సైనికులు ఆ తూటాలను తోలు పట్టీల్లో దోపుకునేవారు. తోలుకు తగిలి రాగికి చిలుము పట్టేది. చిలుము పట్టిన తూటా వేడెక్కిన గదిలో వంటపాత్ర అడుగున మాడిన అన్నంలా అంటుకుపోయేది. తుపాకితో పాటు దాన్ని తీసే చువ్వ కూడా లేదు. కత్తి మొనతో పెకలించాల్సి వచ్చేది.

మరో కొండ మీద చిక్కుకుని బతికి బయటపడిన మేజర్ రీనో ఆ జూలైలోనే ఆయుధాల శాఖకు లేఖ రాశాడు. తన దగ్గరి 380 తుపాకుల్లో గొట్టం ఇరుక్కుని పనికిరాకుండా పోయినవి 6 అని లెక్క చెప్పాడు. 380లో 6. కానీ పత్రికలకూ పుస్తకాలకూ ఆ లెక్క పట్టలేదు. రాగి తూటా వీరుడైన కస్టర్‌ను మోసం చేసిందన్న కథ నిలిచిపోయింది.

మంట చెప్పిన సాక్ష్యం

107 ఏళ్ల తర్వాత, 1983 ఆగస్టులో ఆ యుద్ధభూమి మీద గడ్డికి నిప్పంటుకుని నేల అంతా బయటపడింది. 1984, 1985లో డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అనే పురావస్తు శాస్త్రవేత్తలు లోహాన్ని కనిపెట్టే యంత్రాలతో ఆ నేలను గాలించారు. ఖాళీ గొట్టాలు, గుండ్లు, బాణపు ములుకులు, గుండీలు దొరికాయి. ప్రతి వస్తువు ఎక్కడ దొరికిందో పటంలో గుర్తు పెట్టారు.

ఇరుక్కున్న గొట్టాన్ని కత్తితో పెకలిస్తే దాని అంచు మీద గీతలు పడతాయి. ఆ గీతల కోసం సైనికుల తుపాకుల గొట్టాలన్నీ పరీక్షించారు. గీతలున్నవి నూటికి నాలుగుకు మించలేదు. అంటే తూటాలు ఇరుక్కున్న మాట నిజమే. రీనో రాసింది అబద్ధం కాదు. కానీ ఒక దళం మొత్తాన్ని ముంచేంత పెద్ద సంఖ్యలో అది జరగలేదు.

ఇంకా ఆసక్తికరమైనది మరొకటి తేలింది. పోలీసులు నేర పరిశోధనలో చేసినట్టే, గొట్టం మీద తుపాకి కొట్టిన గుర్తును బట్టి ఏ గొట్టం ఏ తుపాకిదో వేరు చేశారు. ఆదివాసుల వైపు నుంచి నలభైకి పైగా రకాల తుపాకులు పేలాయని తెలిసింది. పాత నాటు తుపాకుల నుంచి, ఒకసారి నింపితే వరసగా పేలే హెన్రీ, వించెస్టర్ తుపాకుల దాకా ఉన్నాయి. ఒకే తుపాకి గొట్టాలు ఒకచోట మొదలై, కొండవాలు వెంట ముందుకు జరుగుతూ దొరికాయి. అంటే ఆ యోధుడు నేల మలుపుల చాటున పాకుతూ ముందుకు వచ్చాడు. సైనికుల గొట్టాలు మాత్రం కొన్ని చోట్ల గుంపులుగా, చివరి చోట్ల చాలా కొద్దిగా ఉన్నాయి. వాళ్ల వరస తెగి, కట్టుబాటు చెదిరి, పారిపోతూ చనిపోయారని ఫాక్స్ రాశాడు.

ఈ సంగతి చెయెన్, లకోటా పెద్దలు ఎప్పుడో చెప్పారు. వుడెన్ లెగ్ అనే చెయెన్ యోధుడు చెప్పాడు. కేట్ బిగ్‌హెడ్ అనే చెయెన్ స్త్రీ కళ్లారా చూసింది చెప్పింది. రెడ్ హార్స్ అనే లకోటా పెద్ద 1881లో ఆ యుద్ధాన్ని వరసగా బొమ్మలు గీసి ఇచ్చాడు. వందేళ్ల పాటు చరిత్రకారుల్లో చాలామంది వాటిని కట్టుకథలని, ఒకదానికొకటి పొసగవని పక్కన పెట్టారు. నేల మాట్లాడాక గాని మనుషులు చెప్పింది వినలేదు.

అదే రోజు, అదే తుపాకి

ఇప్పుడు దక్షిణాఫ్రికాకు వద్దాం. 1879 జనవరి 22న జులూ రాజ్యంలోని ఇసాండ్ల్వానా కొండ దగ్గర బ్రిటిష్ శిబిరం మీద జులూ సేన విరుచుకుపడింది. దాని నాయకుడు న్షింగ్వాయో. జులూల చేతుల్లో ఎక్కువగా ఈటెలు, ఆవు తోలు డాళ్లు, కొద్దిగా పాత తుపాకులు. బ్రిటిష్ వారి చేతుల్లో మార్టినీ హెన్రీ తుపాకులు, చుట్టిన ఇత్తడి రేకు తూటాలు. ఆ పూట 1,300 మందికి పైగా బ్రిటిష్ పక్షం వాళ్లు చనిపోయారు.

మళ్లీ అదే కథ పుట్టింది. తూటాలు ఇరుక్కున్నాయట. తూటా పెట్టెలకు స్క్రూలు బిగించి ఉండటంతో మూతలు తెరవలేకపోయారట. నిజానికి ఆ పెట్టె పైన జారుడు మూత ఒకటి ఉండేది. దాన్ని పట్టి ఉంచేది ఒకే ఒక్క స్క్రూ. తుపాకి మడమతో గట్టిగా కొడితే ఊడి వచ్చేది.

ఈ కథను తేల్చడానికి వేరే పరిశోధన కూడా అక్కర్లేదు. అదే రోజు సాయంత్రం, కొద్ది మైళ్ల దూరంలో రోర్క్స్ డ్రిఫ్ట్ అనే చోట దాదాపు 150 మంది బ్రిటిష్ సైనికులు మూడు వేలకు పైబడిన జులూ యోధులను తెల్లవార్లూ ఆపారు. అదే తుపాకి, అదే చుట్టిన రేకు తూటా. దాదాపు 20 వేల తూటాలు కాల్చారు. గొట్టాలు వేడెక్కి చేతులు కాలాయి, కొన్ని తూటాలు ఇరుక్కున్నాయి. అయినా నిలబడ్డారు. తేడా ఎక్కడుంది? రోర్క్స్ డ్రిఫ్ట్‌లో మొక్కజొన్న బస్తాలు, బిస్కెట్ పెట్టెలతో కట్టిన గోడ ఉంది. ఇసాండ్ల్వానాలో గోడ లేదు, సైనికులు చాలా దూరం పలుచగా పరుచుకుని ఉన్నారు. జులూ సేన ఎద్దు కొమ్ముల ఆకారంలో రెండు వైపులా చుట్టుముట్టింది.

రోర్క్స్ డ్రిఫ్ట్ సైనికులకు 11 విక్టోరియా క్రాస్ పతకాలు వచ్చాయి. అక్కడ గెలుపు తూటా మంచితనం వల్ల వచ్చిందని ఎవరూ అనలేదు. సైనికుడి ధైర్యం అన్నారు. అది నిజమే, ధైర్యమే. కానీ అదే రోజు పొద్దున గెలిచిన జులూలకు ఆ మాట ఎందుకు ఇవ్వలేదు? వాళ్లు గెలిస్తే తూటా తప్పు, మనం గెలిస్తే మన ధైర్యం. ఈ రెండు కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప వంకర కనిపించదు.

తూటా నిజంగా ముంచిన చోటు

తూటాలు నిజంగా పెద్ద సంఖ్యలో ఇరుక్కున్న యుద్ధం ఒకటుంది. 1885 జనవరి 17న సూడాన్ ఎడారిలో అబూ క్లియా బావుల దగ్గర జరిగింది. వేడి, ఇసుక, చుట్టిన రేకు గొట్టం. కొక్కెం లాగితే గొట్టం కింది ఇనుప బిళ్ల ఊడి వచ్చింది, గొట్టం లోపలే ఉండిపోయింది. బ్రిటిష్ వారి యాంత్రిక గార్డ్నర్ తుపాకి కూడా యుద్ధం మధ్యలో ఆగిపోయింది. సూడాన్ యోధులు ఈటెలతో, కత్తులతో బ్రిటిష్ చతురస్ర వ్యూహంలోకి చొరబడ్డారు. కర్నల్ బర్నబీ అనే పేరున్న అధికారి అక్కడే చనిపోయాడు.

అయినా ఆ యుద్ధంలో గెలిచింది బ్రిటిష్ సైన్యమే. వాళ్ల వైపు 70 మందికి పైగా, సూడాన్ వైపు వెయ్యికి పైగా చనిపోయారు. అంటే తూటాలు బాగా ఇరుక్కున్న చోట సైన్యం గెలిచింది. నూటికి మూడో నాలుగో ఇరుక్కున్న చోట సైన్యం ఓడింది. గెలుపోటములకు తూటా ఒక్కటే కారణమైతే ఇది తలకిందులుగా జరగాలి.

అబూ క్లియా తర్వాత లండన్‌లో పెద్ద గొడవ అయింది. చవక తూటా సైనికుల ప్రాణం తీసిందని పత్రికలు రాశాయి. ఆ తర్వాత బ్రిటన్ ఒకే ముక్క ఇత్తడి గొట్టానికి మారింది. అమెరికా కూడా 1880లలో రాగి వదిలి క్రమంగా ఇత్తడికి మారింది. ఆ గొడవలో ఒక న్యాయం ఉంది. తూటా ఎంతలో చేయాలో నిర్ణయించేది ఎక్కడో కచేరీలో కూర్చున్నవాడు. అది ఇరుక్కుంటే చచ్చేది పేదింటి నుంచి జీతానికి వచ్చిన సైనికుడు. కస్టర్ దళంలో చనిపోయినవాళ్లలో చాలామంది బతుకుతెరువు కోసం ఐర్లండ్ నుంచి, జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లే. వాళ్ల మీద మనకు కోపం అక్కర్లేదు. కానీ వాళ్ల చావుకు చవక తూటాను మాత్రమే నేరస్తురాలిని చేస్తే, వాళ్లను ఒప్పందం తప్పి మరొకరి గూడెం మీదికి పంపినవాడు తప్పించుకుంటాడు. ఇరుక్కున్న తూటా కథ చేసే అసలు పని ఇదే.

మన్యంలో తూటాల లెక్క

మన దగ్గరికి వద్దాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం వీరులు దాడి చేశారు. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. ఏం తీసుకున్నారో స్టేషన్ డైరీలో రాసి సంతకం చేసి మరీ వెళ్లారు. గాం గంటం దొర, గాం మల్లు దొర, రాజవొమ్మంగి ఠాణా నుంచి విడిపించిన మొట్టడం వీరయ్య దొర ఆ పోరాటంలో ముందు వరసలో నిలిచారు.

ఒక నెల తర్వాత సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లిష్ అధికారులు చనిపోయారు. అక్కడ ఎవరి తుపాకీ మొరాయించలేదు. మలుపుల దారిలో ముందు నడిచిన దేశీ పోలీసులను పోనిచ్చి, వెనుక వచ్చిన అధికారులను గురి చూసి కొట్టారు. ఘాట్‌లో ఏ బండ వెనుక నిలబడితే ఏ మలుపు కనిపిస్తుందో చిన్నప్పటి నుంచి ఆ దారిన తిరిగినవాళ్లకే తెలుస్తుంది. ఆ తెలివిని ఏ కార్ఖానాలోనూ పోత పోయలేరు.

అయితే తూటా సంగతి మన కథలో లేదని కాదు. ఉంది, కానీ వేరేలా ఉంది. మనవాళ్లు తుపాకి పట్టుకోగలిగారు, పేల్చగలిగారు. తూటా చేయలేకపోయారు. నాటు తుపాకికి మందు, రవ్వలు ఎలాగో ఊళ్లోనే సమకూరేవి. లోహపు తూటా అలా కాదు. అది డమ్‌డమ్‌లోనో కిర్కీలోనో ఉన్న సర్కారు కార్ఖానాలో తయారై రావాలి. 2,500 తూటాలను 26 తుపాకులకు పంచితే ఒక్కో దానికి వంద కూడా రావు. కాల్చిన తూటా మళ్లీ రాదు. ఈ రహస్యం సర్కారుకు బాగా తెలుసు. అక్టోబర్‌లో అడ్డతీగల స్టేషన్ మీదికి వెళ్లేసరికి ఆయుధాలు, తూటాలు ముందే దాచేశారు. డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెం, లింగాపురం దగ్గర మలబార్ పోలీసు దళం లూయిస్ మర తుపాకులతో ఎదురైనప్పుడు మనవాళ్లు పలువురు ప్రాణాలు కోల్పోయారు, తుపాకులూ పోయాయి. 1924లో అస్సాం రైఫిల్స్ దిగింది. ఆ ఏడాది మే 7న సీతారామరాజును కాల్చి చంపారు.

కాబట్టి 1922 కథలో తూటా నాణ్యత కాదు, తూటా ఎవరి చేతిలో తయారవుతుందన్నదే ప్రశ్న. యుద్ధం ఎందుకు ఓడామని అడిగితే ధైర్యం చాలకపోవడం, తెలివి చాలకపోవడం సమాధానాలు కావు. మద్రాసు అటవీ చట్టం పోడును అడ్డుకుంది. రోడ్డు పనుల్లో కూలి ఎగ్గొట్టారు. ఆ రెండూ చేసిన చేతిలోనే తూటాల కార్ఖానా కూడా ఉంది.

మన వైపు కథలు

ఇక్కడ మనం మన వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. నాయకుడి మహిమ వల్ల తెల్లవాడి తూటాలు నీళ్లయిపోతాయన్న నమ్మకం ఎన్నో ఆదివాసీ ఉద్యమాల్లో ఉంది. బిర్సా ముండా ఉద్యమంలో అది వినిపించింది. లకోటా వారిలో 1890 నాటికి ఒక ప్రత్యేక చొక్కా తొడుక్కుంటే తూటా దిగదన్న నమ్మకం వ్యాపించింది. 1900 జనవరి 9న సైల్ రకాబ్ కొండ మీద ముండాల మీద తూటాలు కురిశాయి. 1890 డిసెంబర్ 29న వూండెడ్ నీ దగ్గర అదే 7వ అశ్విక దళం స్త్రీలు, పిల్లలతో సహా 250 మందికి పైగా లకోటా వారిని చంపింది. ఆ తూటాలు ఇరుక్కోలేదు, నీళ్లూ కాలేదు.

ఆ నమ్మకం పెట్టుకున్నవాళ్లను చూసి నవ్వడం మన పని కాదు. తూటా తయారుచేసే శక్తి లేని జనం, దానికి ఎదురు నిలబడటానికి గుండె ధైర్యం ఎక్కడినుంచో తెచ్చుకోవాలి కదా. కానీ చరిత్ర పాఠంలో ఆ కథను అలాగే వదిలేస్తే మనమూ అదే తప్పులో పడతాం. తెల్లవాడు తన ఓటమికి ఇరుక్కున్న తూటాను కారణం చేశాడు. మనం మన గెలుపుకు నీళ్లయిన తూటాను కారణం చేస్తే, అక్కడా ఇక్కడా మాయమయ్యేది మనిషే. దామనపల్లి మలుపు తెలిసినవాడు, వాలు చాటున పాకిన లకోటా యోధుడు, కొమ్ముల వ్యూహం పన్నిన న్షింగ్వాయో, ముగ్గురూ మాయమవుతారు.

తరగతి గదిలో

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. మన పాఠ్యపుస్తకాల్లో ఏ యుద్ధం పాఠం వచ్చినా పిల్లల చేత మూడు ప్రశ్నలు వేయించండి. ఈ కారణం చెప్పింది ఎవరు? దాన్ని కొలిచి చూశారా, ఉత్తినే చెప్పారా? అదే కారణం ఇంకోచోట ఉన్నప్పుడు ఫలితం ఏమైంది? రీనో లెక్క, గొట్టాల మీది గీతలు, రోర్క్స్ డ్రిఫ్ట్ గోడ, అబూ క్లియా ఫలితం, ఇవన్నీ ఈ మూడు ప్రశ్నల నుంచే వచ్చాయి. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఈ పని చేయగలరు.

యువతకు మరో మాట. యుద్ధం గెలిచినంత మాత్రాన నేల దక్కలేదని ఈ కథలన్నీ చెబుతున్నాయి. గ్రీజీ గ్రాస్ గెలిచిన మరుసటి ఏడాది, 1877లో, అమెరికా ప్రభుత్వం చట్టం చేసి బ్లాక్ హిల్స్ తీసేసుకుంది. ఇసాండ్ల్వానా జరిగిన ఆరు నెలల్లోపే, జూలై 4న, బ్రిటిష్ సైన్యం జులూ రాజధాని ఉలుండీని తగలబెట్టింది. లకోటా వారు ఆ తర్వాత కోర్టులో తరాల పాటు పోరాడారు. 1980లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కొండలను అన్యాయంగా తీసుకున్నారని ఒప్పుకుని పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖరారు చేసింది. వాళ్లు ఆ డబ్బు ముట్టుకోలేదు. కొండలే కావాలన్నారు, ఇప్పటికీ అదే అంటున్నారు. వాళ్లను ఇన్నేళ్లు నిలబెట్టింది తూటా కాదు. 1868 ఒప్పందం కాగితం, తాతలు చెప్పిన మాట, ఆ రెండింటినీ చదివి వాదించగలిగిన పిల్లలు.

కస్టర్ పేరు మీద ఉన్న ఆ యుద్ధభూమి పేరును 1991లో లిటిల్ బిగ్‌హార్న్ అని మార్చారు. అక్కడ సైనికుల సమాధి రాళ్ల పక్కన ఆదివాసీ యోధుల స్మారకం 2003లో ప్రారంభమైంది. 127 ఏళ్లు పట్టింది. మన ఘాట్లలో, మన వాగుల ఒడ్డున ఏం జరిగిందో చెప్పగల పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లు తాము చూసింది కాదు, తమ తాతల నోట విన్నదే చెబుతారు. అయినా ఏ మలుపు, ఏ బండ, ఏ ఇంటి పేరు అన్నవి అందులో ఉంటాయి. ఈ వేసవి సెలవుల్లో ఒక నోటుపుస్తకం పట్టుకుని వెళ్లి రాసుకోండి. ఊరి పేరు, చెప్పినవారి వయసు, తేదీ తప్పకుండా రాయండి. రేపు ఎవరైనా మన గెలుపుకు ఇరుక్కున్న తూటాను కారణం చెబితే, ఆ నోటుపుస్తకం తెరిచి చూపించవచ్చు.